పాటగాడి నోటి తడి

బంగారుపాళ్యం మామిడికాయల మండీలో తిరుమలయ్య వేలం పాట ఎత్తుకుంటే హైవే మీద పోయే లారీల హారన్లు కూడా గొంతు తగ్గించుకుంటాయని ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది తిరుమలయ్యే. అయినా ఎవరూ కాదనలేదు, ఎందుకంటే అందులో సగమైనా నిజముంది. బేనీషా కాయల కుప్ప పక్కన ఒక క్రేటు బోర్లించి, దాని మీద నిలబడి, ఎడమచెయ్యి నడుముకు ఆనించి, "బేనీషా! బేనీషా! కాయ సూడప్పా, సూసి పాడప్పా!" అని అతను మొదలుపెడితే టీ అంగట్లో కూర్చున్న వ్యాపారులు గ్లాసులు అక్కడే వదిలేసి లేచొచ్చేవాళ్లు. ఒకటోసారి, రెండోసారి అని లాగి లాగి, మూడోసారి అనే ముందు ఒక్క క్షణం ఆపేవాడు. ఆ క్షణంలో కొనేవాడి గుండె దడదడలాడి ఇంకో మాట ఎక్కువ పాడేవాడు. అదీ అతని విద్య.

చదువు పెద్దగా అబ్బలేదు. చిన్నతనంలో నాయన వెంట తోటల కాపలాకు పోయి చిలకల్ని తోలేవాడు. రాళ్లు విసరడం బద్ధకమై అరుపులతోనే తోలేవాడట. గొంతు అక్కడ పదునెక్కింది. పెద్దయ్యాక మండీలో కాయలు మోసే పనిలో చేరాడు. ఒకనాడు పాట నడిపే ముసలాయన జ్వరమొచ్చి రాకపోతే, మండీ యజమాని దామోదరం "నువ్వు అరుస్తావు గదరా, ఎక్కి నిలబడు" అన్నాడు. ఎక్కినవాడు మళ్లీ దిగలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. తిరుమలయ్యకు నోరు పెద్దదైనందుకే ఊరు మంచిదయింది. పెళ్లయింది, ఇల్లు కట్టాడు, కూతురు భానుశ్రీని చదివించాడు. ఆ పిల్ల ఇప్పుడు చిత్తూరులో ఒక మందులషాపులో పనిచేస్తోంది.

అంత గొంతుకు అతను చేసిన సేవ మాత్రం వక్కాకు, పొగాకు, బీడీ. గొంతు వేడిగా ఉంటేనే పాట సాగుతుందని అతని సిద్ధాంతం. భార్య జ్ఞానాంబ చెప్పి చెప్పి విసిగిపోయింది. చెప్పుడు మాట వింటే తిరుమలయ్య ఎందుకవుతాడు?

పోయిన సీజను చివర్లో కుడివైపు మింగుతుంటే ముల్లు గుచ్చినట్టు అనిపించసాగింది. మామిడి సొన తగిలిందనుకున్నాడు. ఉప్పునీళ్లు పుక్కిలించాడు. నొప్పి చెవిలోకి పాకింది. చెవిలో వెల్లుల్లి నూనె పోయించుకున్నాడు. చివరికి భానుశ్రీ ఇంటికొచ్చినప్పుడు "నాయనా, నోరు తెరువు" అని సెల్‌ఫోను లైటు వేసి చూసింది. చూసి లైటు ఆర్పేసింది. మరునాడే తిరుపతి బస్సెక్కించింది.

అక్కడ ఊరి చివరి క్యాన్సర్ ఆసుపత్రిలో గొంతులోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. కుడి టాన్సిల్ మీద గడ్డ, చిన్నదే. "మొదట్లోనే వచ్చారు. నయమయ్యే అవకాశం బాగా ఉంది" అంది డాక్టర్ మహిత. నెమ్మదిగా మాట్లాడే మనిషి, కానీ లేని భరోసా ఇవ్వదు.

తిరుమలయ్య అడిగింది ఒకే ప్రశ్న. "పాట పాడొచ్చునా మేడమ్?"

"సంగీతమా?"

"కాదు మేడమ్. కాయలు."

ఆమె కాసేపు అర్థంకాక చూసింది. భానుశ్రీ విడమరచి చెప్పాక తలాడించి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అయితే ఈ సంగతి మీరు జాగ్రత్తగా వినాలి. మొదట మెడ చుట్టూ ఐదు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెడతాం. అది ఎలాగూ తప్పదు. ఆ తర్వాత గడ్డ ఉన్న చోటుకి మాత్రం అదనంగా ఇవ్వాలి. దాన్ని బూస్ట్ అంటాం. దానికి దారులు మూడు. ఒకటి పాతది. అదే మిషను మీద, అదే మాదిరి రోజూ కొంచెం కొంచెంగా ఇంకో రెండు వారాలు. బాగా అలవాటైన పద్ధతి, కానీ చుట్టుపక్కల కూడా పడుతుంది. ఉమ్మి ఊరే గ్రంథులు ఇంకాస్త ఎండిపోతాయి. రెండోది, మత్తిచ్చి మెడలోంచి సన్నటి గొట్టాలు గడ్డ దాకా దూర్చి, వాటి లోపలి నుంచే కిరణం ఇవ్వడం. మూడోది, మూడే మూడు సార్లు, పెద్ద మోతాదు, అన్ని వైపుల నుంచీ గురిపెట్టి ఆ చోటునే కొట్టడం. పక్కవాటికి తక్కువ తగులుతుంది. కానీ తల ఆవగింజంత కూడా కదలకూడదు."

"రోగం ఏ దాంట్లో బాగా పోతాది?" అని జ్ఞానాంబ అడిగింది.

"పోవడంలో పెద్ద తేడా కనబడటం లేదమ్మా. తేడా అంతా తర్వాత మింగడంలో, నోటి తడిలో. మూడో పద్ధతిలో మా దగ్గర చేయించుకున్నవాళ్లు ఇంకా తక్కువ. అందుకని ఇదే గొప్పదని ఒట్టేసి చెప్పలేను."

తిరుమలయ్య లోలోపల దీన్ని తోట భాషలోకి మార్చుకున్నాడు. మొదటి ఐదు వారాలు తోటంతా మందు కొట్టడం. పాత బూస్ట్ అంటే పురుగు పట్టిన చెట్టుకు మళ్లీ నిలువునా కొట్టడం. మూడోది ఆ ఒక్క కొమ్మను చూసి కొట్టడం. గొట్టాల సంగతి తలుచుకోగానే చెయ్యి మెడ మీదికి పోయింది. "మెడలో గొట్టాలు వద్దు. మూడోది పెట్టండి మేడమ్. తడి ల్యాకపోతే పాట రాదు" అన్నాడు.

నోట్లో తడి అంటే ఏమిటో పాటగాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఎండలో పొద్దున మొదలుపెట్టి కుప్ప తర్వాత కుప్ప అరుస్తుంటే, నాలుక పైన అంటుకోకుండా తిరగాలి. అది అంటుకుందా, మూడోసారి అన్న మాట సమయానికి పడదు. బేరం చెడిపోతుంది. సీజను తలమీదికొచ్చేలోపు ఈ గండం గడిచి, నోటి తడి మిగిలితే చాలని అతని కోరిక. జ్ఞానాంబ కోరిక వేరు. ఆమెకు మనిషి మిగిలితే చాలు. పాత పద్ధతే నమ్మకమని ఆమెకు మనసులో ఉంది. కానీ మొగుడి మొహం చూసి ఊరుకుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి కొండ కనబడగానే చేతులు జోడించి, ఐదు వారాల పెద్ద కరెంటు అయిపోయిన వెంటనే మొగుడి తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. ఆ రోజు నుంచి తిరుమలయ్య తల మీద కత్తెర పడలేదు. ముందే గుబురు జుట్టు, ఇంకా గుబురైంది.

తిరుపతిలో ఆసుపత్రి దగ్గరే ఒక గది తీసుకున్నారు. మాస్కు చేసే గదిలో పనిచేసేది జానీ బాషా అనే కుర్రాడు, తిరుపతిలోనే పుట్టి పెరిగినవాడు. రంధ్రాల ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో మెత్తబరచి తిరుమలయ్య ముఖం మీద, భుజాల దాకా లాగి నొక్కాడు. చల్లారాక అది అతని ముఖమే అయింది. రోజూ బల్ల మీద పడుకుంటే ఆ ముఖాన్ని తెచ్చి ఈ ముఖం మీద పెట్టి, టపటపమని బల్లకు బిగించేవాళ్లు. లేచేసరికి నుదుటి మీద జల్లెడ అచ్చులు పడేవి.

మూడో వారానికి అన్నం మన్నయింది. నాలుగో వారానికి నీళ్లు కూడా గాజుపెంకుల్లా దిగాయి. మింగలేక కక్కలేక అనే మాట ఊరికే వాడేస్తాం గానీ, దాని అర్థం తిరుమలయ్యకు అప్పుడే తెలిసింది. దవడ కింద గడ్డం రాలిపోయింది. గొంతు గుసగుసకు దిగిపోయింది. బస్టాండులో కండక్టరు "తిరుమల తిరుమల తిరుమల" అని అరుస్తుంటే ఆగి, ఆ కండక్టరు నోటివైపు ఆశగా చూసేవాడు. అది చూసి జ్ఞానాంబ కళ్లనీళ్లు కుక్కుకునేది.

ఐదు వారాలు గడిచాయి. మూడుసార్లు పెట్టే బూస్టు కోసం ఇంకా బిగువైన కొత్త మాస్కు చేసి, స్కానింగు తీశారు. మంగళవారం మొదటిది. జానీ బాషా పంపేముందు గట్టిగా చెప్పాడు. "అన్నా, బరువు తగ్గనీయద్దు. మాస్కు వదులైపోతాది. ఈ మూడూ అయ్యేదాకా కటింగ్ గిటింగ్ ఏమీ వద్దు. సరేనా?" తిరుమలయ్య బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఆదివారం మొగుడూ పెళ్లాం కొండెక్కారు. కల్యాణకట్టలో వరుసలో కూర్చుని, తల మీద నీళ్లు పడ్డాక తిరుమలయ్యకు బాషా మాట గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి, లేని గొంతుతో "ఆ పిల్లోడు కటింగ్ వద్దన్నాడే" అన్నాడు.

"కటింగ్ వద్దన్నాడు. మొక్కు తీర్చుకోవద్దన్నాడా? దేవుడికిచ్చేదానితో చెడు జరుగుతాదా యాడన్నా?" అంది జ్ఞానాంబ.

అతనికీ అది న్యాయంగానే తోచింది. కటింగ్ అంటే బంగారుపాళ్యం బస్టాండు పక్క సెలూనులో చేయించుకునేది. తలనీలాలు కటింగ్ ఎట్లవుతుంది? ఊరందరి లెక్కలు వేరు, స్వామి లెక్క వేరు. ఇద్దరికి ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరి తెలివీ ఒక్కచోటే బోల్తాపడింది. గుండు మీద చందనం పూసుకుని, ఐదు వారాల్లో మొదటిసారి హాయిగా కొండ దిగాడు.

మంగళవారం ఆసుపత్రిలో అతని గుండును ఎవరూ రెండోసారి చూడలేదు. తిరుపతిలో గుండు చూసి ఎవరు ఆశ్చర్యపోతారు? కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో సగం గుండ్లే. ఆ రోజు బాషా కంప్యూటరు ముందున్నాడు. బల్ల మీద పడుకోబెట్టింది కొత్తగా చేరిన లోహిత. ఆ అమ్మాయి తిరుమలయ్యను జుట్టుతో ఎప్పుడూ చూసి ఉండలేదు. నోట్లో కరిచి పట్టుకునే ముక్క పెట్టింది. మాస్కు దించి బిగించింది. "చెయ్యి ఎత్తితే ఆపేస్తాం" అని చెప్పి బయటికి పోయింది. లావుపాటి తలుపు మెల్లగా మూసుకుంది.

తిరుమలయ్యకు మొదట సంతోషం కలిగింది. మాస్కు నొక్కడం లేదు. నుదురు నొప్పి లేదు, తల వెనక బరువు లేదు. అంతా స్వామి దయ అనుకున్నాడు. ఇన్నాళ్లూ ఊపిరాడనీయని ముఖం ఇవాళ మెత్తగా కూర్చుంది. మిషను చెయ్యి అతని చుట్టూ తిరగడం మొదలైంది.

అంతలో అనుమానం పట్టుకుంది. మాస్కు ఎందుకు నొక్కడం లేదు?

మెల్లగా తల కుడివైపు తిప్పి చూశాడు. తిరిగింది. ఎక్కువేమీ కాదు, రవ్వంత. కానీ తిరిగింది. ఐదు వారాల్లో ఒక్కరోజు కూడా తిరగని తల తిరిగింది. ఆవగింజంత కూడా అన్న డాక్టరమ్మ మాట చెవిలో గంటలా మోగింది. గుబురు జుట్టు మీద చేసిన మాస్కులో ఇప్పుడు వట్టి తల ఉంది. కొమ్మకు గురిపెట్టారు, కొమ్మ జరిగింది. ఈ పెద్ద దెబ్బ పురుగు మీద కాకుండా పక్కన పడితే?

చెయ్యి ఎత్తాలి. ఎత్తితే గుండు సంగతి బయటపడుతుంది. డాక్టరమ్మ మూడోది రద్దు చేసేస్తుందేమో. పాత పద్ధతికి తోసేస్తుందేమో. తడి పోతుంది, పాట పోతుంది. ఎత్తకపోతే? ఈ మూడే కదా, ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకుంటే సరిపోదా? మిషను ఒక చోట ఆగి బుర్రుమంది. అది కొడుతోందో, ఇంకా చూస్తోందో అతనికి తెలియదు. మండీలో మూడోసారి అనే ముందు ఎదుటివాడిని ఇట్లాంటి క్షణంలోనే నిలబెట్టేవాడు. ఇప్పుడు తనను నిలబెట్టినవాడెవడో అర్థం కాలేదు. ఇక ఆగలేకపోయాడు. చెయ్యి ఎత్తాడు.

మిషను ఆగింది. తలుపు తెరుచుకుని బాషా పరుగున వచ్చి మాస్కు తీశాడు. తీసి, తలవైపు చూసి అలాగే నిలబడిపోయాడు.

"అన్నా! గుండు కొట్టించుకున్యావా?"

తిరుమలయ్య నోట్లో ముక్క ఇంకా తీయలేదు. కళ్లు మాత్రం తిప్పుకున్నాడు.

"చెప్పినాను గదన్నా, కటింగ్ వద్దని!"

ముక్క తీయగానే "అది కటింగ్ కాదప్పా" అని గొణిగాడు తిరుమలయ్య. "మొక్కు."

బాషా తలపట్టుకున్నాడు. "తిరుపతిలో పుట్టి, గుండు వద్దని విడిగా చెప్పకపోవడం నాదే తప్పు. పోనీలేన్నా, కరెంటు ఇంకా ఇయ్యలా. ఇప్పుడు మిషను తిరిగింది ఫొటో తీసేదానికే. నువ్వు చెయ్యి ఎత్తకపోయినా దాంట్లో తేడా తెలిసిపోయుండు."

అంతసేపు లోపల జరిగిన యుద్ధం వృథా అని తెలిసి తిరుమలయ్యకు నవ్వాలో ఏడవాలో తోచలేదు. బయట బెంచీ మీద కూర్చున్న జ్ఞానాంబ, బాషా మొహం చూసి లేచి నిలబడింది.

డాక్టర్ మహిత గదిలో మాటలు తక్కువ, కోపం ఎక్కువ. "ఇంత చెప్పాక కూడా ఎవరు చేయించారండీ ఇది?"

జ్ఞానాంబ నోరు తెరిచేలోపే తిరుమలయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నేనే మేడమ్."

డాక్టర్ నిట్టూర్చి, స్కానింగు బొమ్మలు పక్కకు పెట్టింది. "సరే. ఇప్పుడు రెండు దారులున్నాయి. మూడుసార్లు పెట్టే పద్ధతే కావాలంటే కొత్త మాస్కు, మళ్లీ స్కానింగులు, మళ్లీ లెక్కలన్నీ వేయాలి, సరిచూడాలి. వారం పైనే పడుతుంది. పాత పద్ధతైతే అంత సన్నటి లెక్క అక్కర్లేదు. ఇవాళే మాస్కు చేసి ఎల్లుండి మొదలుపెట్టగలం. మధ్యలో ఖాళీ ఎక్కువైతే మంచిది కాదు. వారానికే కొంప మునుగుతుందని చెప్పను. మునగదనీ చెప్పలేను. మీరిద్దరూ మాట్లాడుకుని రండి."

బయటికొచ్చి వరండా చివర కిటికీ దగ్గర నిలబడ్డారు. అక్కడి నుంచి కొండ కనబడుతోంది. జ్ఞానాంబ అటు చూడలేదు.

"నేనేంటికి మొక్కితిని, నేనేంటికి తోలుకపోతిని" అంది. "నువ్వేంటికి నీ మీద ఏసుకుంటివి? నేనే అని సెప్పుకుండేదాన్ని గదా."

తిరుమలయ్య కండువా సర్దుకున్నాడు.

"ఇప్పుడు నేనేమీ సెప్పను. సెప్పే మొగమా నాది? నీ పాట నీకు కావాల. నీకేది ఇష్టమో అది సెయ్యి. వారమేగదా, ఆగుదాం." ఆ మాటలన్నీ అంటూనే చీరకొంగు వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టుకుంటోంది.

తిరుమలయ్య ఆ వేళ్లనే చూశాడు. ఈ మనిషి సంగతి అతనికి తెలుసు. భానుశ్రీ పాకే వయసులో జ్ఞానాంబ పొయ్యి మీద పెట్టి మరిచిన పాలు పొంగి, కింద ఆడుకుంటున్న బిడ్డ కాలు మీద పడ్డాయి. మచ్చ ఎప్పుడో మాసిపోయింది. ఆ కాలు కాలినట్టు భానుశ్రీకే గుర్తులేదు. జ్ఞానాంబ మాత్రం నేటికీ కూతురి ఆ కాలివైపు చూడదు. కూతురు పట్టీలు పెట్టుకుని వచ్చి చూపించినా ఇంకో కాలే చూసి బాగుందంటుంది. పాలు పొంగినందుకే ఇంత. ఈ వారం ఖాళీలో గడ్డ మళ్లీ తలెత్తితే, నిజంగా ఆ వారం వల్ల కాకపోయినా సరే, ఈమె బతికినన్నాళ్లూ తనను తాను చంపుకుంటుంది. తను ఉండి చూసినా, పోయి చూడకపోయినా. మూడు దెబ్బల పద్ధతి తనకు తడి మిగులుస్తుంది, నిజమే. కానీ ఆ వారమంతా, ఆ తర్వాత వచ్చే ప్రతి పరీక్షకూ, జ్ఞానాంబకు నిద్ర ఉండదు.

తన గొంతు అంటే తిరుమలయ్యకు ప్రాణం. అక్కడ, ఆ కిటికీ దగ్గర, ఏడుపొచ్చింది. గొంతు నొప్పి వల్ల ఏడవడం కూడా కష్టమైంది. కండువాతో ముఖం తుడుచుకుని డాక్టరు గదిలోకి నడిచాడు.

"పాతదే పెట్టండి మేడమ్."

ఆమె తలెత్తి చూసింది. "నోటి తడి సంగతి తెలుసు కదా?"

"తెలుసు."

"మీ పాట?"

"సూద్దాం మేడమ్."

వెనక నుంచి జ్ఞానాంబ "ఏంటికయ్యా?" అంది. తిరుమలయ్య తిరిగి చూడకుండా, "ఇంటికి పోవాల. ఈ తిరుపతిలో ఇంక ఉండలేను. తొందరగా అయిపోతే సాలు" అన్నాడు. వారం ఆగినా మూడే సార్లతో అయ్యేదాన్ని వదిలి, రెండు వారాలు పట్టేదాన్ని తొందరగా అయిపోతుందన్నాడంటే అందులో తిరకాసు ఉందని జ్ఞానాంబకు ఆ కంగారులో తట్టలేదు. డాక్టర్ మహితకు తట్టింది. అతని వైపు ఒక్క నిమిషం చూసి, కాగితం మీద రాసింది.

ఆ మధ్యాహ్నమే బాషా కొత్త మాస్కు చేశాడు. ఈసారి గుండు మీద. రెండు వారాలు రోజూ పడుకున్నాడు, లేచాడు. చివరి రోజు బాషా ఆ మాస్కు తీసి చేతికిస్తే తిరుమలయ్య వద్దన్నాడు.

సీజను వచ్చింది. కాయలు దిగాయి. పరీక్షలో గడ్డ జాడ లేదని, ఇకమీదట కొన్నాళ్లకొకసారి వచ్చి చూపించుకుంటూ ఉండమని చెప్పారు. ఆ మాట విన్నాక బస్సులో జ్ఞానాంబ అతని భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. అయినా ఏదో మిగిలిపోయింది. తిండి ముందు కూర్చునేది, రెండు ముద్దలు తిని లేచిపోయేది. అడిగితే ఆకలి లేదనేది. మొగుడు ప్రతి మెతుక్కూ నీళ్లు తాగి మింగుతుంటే చూడలేక లేచిపోతోందని తిరుమలయ్యకు తెలుసు.

జులైలో మండీకి పోయాడు. దామోదరం ఎదురొచ్చి, "రాప్పా, నీ క్రేటు ఆడనే ఉండాది" అన్నాడు. జ్ఞానాంబ కూడా వెంట వచ్చింది, చేతిలో నీళ్ల సీసాతో. తోతాపురి కుప్ప ముందు తిరుమలయ్య ఎక్కి నిలబడ్డాడు. వ్యాపారులు చుట్టూ చేరారు. వాళ్ల మొహాల్లో ఆప్యాయత ఉంది, అనుమానమూ ఉంది.

"తోతాపురి! తోతాపురి! కాయ సూడప్పా..." గొంతు వచ్చింది. పాతంత కాదు గానీ వచ్చింది. వెనక వరస దాకా తలలు తిరిగాయి. తిరుమలయ్య ఛాతీ పొంగింది. పాట పైకి పోయింది. "ఒకటోసారి! రెండో..." నాలుక పైన అంటుకుపోయింది. మాట తెగింది. సీసా ఎత్తి గుక్కెడు తాగి, నాలుక ఊడదీసుకుని "రెండోసారి" అన్నాడు. అప్పటికి బేరం చల్లారిపోయింది. ముందు వరసలో ఒక కొత్త వ్యాపారి "బిరీన కానీప్పా" అని విసుక్కున్నాడు. పాతవాళ్లు అతన్ని కసిరారు. ఆ కసురు తిరుమలయ్యకు విసుగుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

కుప్పకు నాలుగుసార్లు నీళ్లు తాగుతూ మూడు కుప్పలు లాగాడు. నాలుగో దానికి దామోదరం భుజం మీద చెయ్యి వేసి, మిగిలినవి దామలచెరువు నుంచి పిలిపించిన మనిషి నడుపుతాడని మెత్తగా చెప్పాడు. "రోజుకు రెండు మూడు కుప్పలు నువ్వు నడుపు. ఎండెక్కకముందే" అన్నాడు. దయతో అన్న మాటే. తిరుమలయ్య క్రేటు దిగాడు.

షెడ్డు నీడలో ఇద్దరూ కూర్చున్నారు. జ్ఞానాంబ క్యారియరు విప్పింది. తనకు రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి. అతనికి మజ్జిగలో జారుగా పిసికిన సంగటి. అవతల కొత్త మనిషి గొంతు మండీ అంతా మోగుతోంది. తడిగా, నునుపుగా మోగుతోంది.

"ఒకటడుగుతా, నిజం సెప్పు" అంది జ్ఞానాంబ. తల ఎత్తలేదు. "ఆ పొద్దు నేను గుండు కొట్టించకుండా ఉంటే, ఆ మూడుసార్లదే పెట్టించుకుని ఉంటే, నీ పాట ఉండునా?"

తిరుమలయ్య సీసా ఎత్తి తాగాడు. మూత బిగించాడు. మళ్లీ తీసి ఇంకోసారి తాగాడు.

"అదైనా ఇంతేనంటమ్మే" అన్నాడు. "డాక్టరమ్మని అడిగినాను. ఏది పెట్టినా తడి ఇట్లనే పోయేదంట. మనకే తెలీక అనుకున్యాం."

డాక్టరమ్మ ఆ మాట ఎన్నడూ అనలేదు. అతను ఎన్నడూ అడగలేదు.

జ్ఞానాంబ తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది. మండీలో ఎంతమంది గడుసు వ్యాపారుల ముందు నిలబడ్డ మొహమో అది, ఇసుమంత కూడా కదలలేదు.

"నిజంగానా?"

"నీ మీద ఒట్టు."

"అట్లయితే..." అని ఆగి, మిగతా మాట చెప్పకుండా ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమలుతూ కళ్లు తుడుచుకుంది. ఆ ముద్ద మింగి ఇంకోటి తీసుకుంది. అది అయ్యాక, నెలల తరబడి తిండి ముందు నుంచి లేచిపోతున్న మనిషి, క్యారియరు దగ్గరికి లాక్కుని సంగటి మళ్లీ పెట్టుకుంది.